నీలాంటి మనిషే కావాలి

"రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యి మేస్త్రీ," అంది ఓనరమ్మ.

ప్లంబరు అప్పుడు ఆవిడ వంటింట్లోనే, సింకు కింద సగం దూరి, కారుతున్న పైపు బిగిస్తున్నాడు. కూలి అడగని పని. పదకొండేళ్లుగా ఆవిడ కింది వాటాలో అద్దెకుంటూ, పైన ఏ కుళాయి కారినా, ఏ ట్యాంకు పొంగినా పిలవకముందే పరిగెత్తుకొచ్చేవాడు. ఒకటో తారీఖు తెల్లారేసరికి అద్దె ఆవిడ చేతిలో ఉండేది. గోడకి ఒక్క మేకు కొట్టలేదు. ఊళ్లో అద్దెలు ఎంత మండిపోతున్నా ఆవిడ తమ జోలికి రాకుండా ఉంటే చాలని ఆలుమగలిద్దరూ నోరు కుట్టేసుకుని బతికారు. నెలకోసారి మాత్రం కోర్టులో పని ఉందంటూ అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు. అక్కడా కుళాయిలు కారతాయి కాబోలనుకునేది ఓనరమ్మ.

"మావల్ల ఏమైనా తప్పు జరిగిందా అమ్మగారూ?"

"అయ్యో, నీలో తప్పేముంది? నువ్వింత బాగుచేశావు గనకే ఇప్పుడా వాటాకి రెట్టింపు పలుకుతోంది. ఆ అద్దె నువ్వే ఇస్తానంటే ఉండు."

"అంత మావల్ల కాదమ్మా."

"తెలుసులే. పోతూ పోతూ నీలాంటి మనిషినే ఒకణ్ణి చూసిపెట్టు."

ప్లంబరు పైపు గట్టిగానే బిగించి కిందికి దిగాడు.

సంగతి విన్న భార్య స్పానరు అందుకుంది. "పైపులన్నీ వదులు చేసేసి పోదాం. ఆవిడ ఇల్లు చెరువైపోవాలి."

"నాలుగు రోజుల్లో బాగుచేయించుకుంటుంది. దాంతో మన కసి తీరుతుందా?"

మర్నాడు అతను గోడలకి సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు. భార్యకి ఒళ్లు మండిపోయింది.

"మీకసలు చీమూ నెత్తురూ ఉన్నాయా?"

"ఉన్నాయి కాబట్టే వేస్తున్నా," అని ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నవ్వాపుకుంటూ రెండో కుంచె అందుకుంది.

వారం తిరక్కుండా ప్లంబరు ఒక వకీలుని వెంటబెట్టుకొచ్చాడు. వకీలు కుళాయిలన్నీ తిప్పి చూస్తుంటే ఓనరమ్మ ప్లంబరుని పక్కకి పిలిచింది.

"మనిషెలాంటివాడు?"

"పదకొండేళ్లుగా ఒకటే ఇల్లమ్మా. కదిలితే ఒట్టు."

"ఆ ఇంటి ఓనరుతో బాగా పడుతుందా?"

"ఈయన్ని తలుచుకోకుండా ఆ ఓనరుకి పొద్దు గడవదు. ఈయన కోసం కోర్టు దాకా కూడా వెళ్తుంటాడు."

"అంత అభిమానమా? మరి మారడం దేనికి?"

"కోర్టు ఇక్కణ్ణుంచి నాలుగడుగులు. అక్కడేమో కుళాయిలన్నీ పాడైపోయాయి, బాగుచేసే దిక్కు లేదు."

రెట్టింపు అద్దె అనగానే వకీలు తలూపాడు. పైసా బేరమాడలేదు. అగ్రిమెంటు కూడా ఆవిడకి ఖర్చు లేకుండా తనే రాస్తానన్నాడు. ఓనరమ్మ మురిసిపోయి, అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

ఖాళీ చేసిన రోజు ఆవిడ గేటు దాకా వచ్చింది. "నీ మేలు జన్మలో మర్చిపోను మేస్త్రీ."

"మర్చిపోలేరమ్మా," అంటూ ప్లంబరు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

సామాన్ల బండి ఊరికి ఆ చివర, వకీలు పొద్దున్నే ఖాళీ చేసిన ఇంటి ముందు ఆగింది. గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి. కుళాయిలకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎంత పాడుచేశాడో చూశారా?"

"చేస్తే చేశాడు. నా చేతిలో పనేగా," అన్నాడు.

పదకొండేళ్ల తర్వాత ప్లంబరు తన సొంతింట్లో అడుగుపెట్టాడు.