చెవిలో అందించిన పేర్లు

"ఏం పెద్దమ్మా, పెద్దాయన బాగుండాడా?" అని బాలకృష్ణన్ చేతులు జోడించి, నోరారా నవ్వుతూ అడిగాడు.

వల్లియమ్మాళ్ చేతిలో చేట కింద పెట్టింది. "బాగానే ఉండాడు. పోయి ఆరేండ్లాయె. ఏమైనా చెప్పి పంపాల్నా?"

వీధి మొత్తం ఘొల్లుమంది. వెనక నిలబడ్డ భాగ్యం మొగుడి చొక్కా పట్టి లాగింది. "మోకాళ్ళు మామా! మోకాళ్ళ నొప్పి ఎట్లుండాదో అడుగు" అంది చెవిలో.

"మోకాళ్ళు బాగుండాడా?" అన్నాడు బాలకృష్ణన్ కంగారుగా.

వల్లియమ్మాళ్ నవ్వలేక గోడ పట్టుకుంది.

ఊరి పంచాయతీ అధ్యక్ష పదవికి బాలకృష్ణన్ పోటీ చేయడం ఇది రెండోసారి. ఊరి జనాభా రెండు వేల నూట నలభై. కిందటిసారి అశోక్‌కుమార్ చేతిలో పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఆ పదకొండుమంది ఎవరై ఉంటారన్న ప్రశ్న ఆనాటి నుంచీ రోజూ అన్నంతో పాటు భాగ్యం కంచంలోకి వచ్చిపడుతోంది. ఈసారీ ఓడితే ఆ ప్రశ్న ఇంకో ఐదేళ్లు వినాలి. అందుకే ఆమె మిల్లు కూత వినబడకముందే అతన్ని లేపి, ఇస్త్రీ చొక్కా తొడిగించి వీధుల వెంట తిప్పుతోంది.

బాలకృష్ణన్ మంచివాడే. ఊరికి భూగర్భ మురుగుకాలువ రావాలని అతని కోరిక. గొట్టాల కొలతలు కూడా నోటికి చెబుతాడు. మనుషులే గుర్తుండరు. ముప్ఫై ఏళ్లు రాజపాళయం స్పిన్నింగ్ మిల్లులో పనిచేసినవాడు. ఏ యంత్రం ఏ రోజు మొరాయించిందో అడగండి, చెబుతాడు. పక్కింటివాళ్ల పేరు అడక్కండి.

భాగ్యానికి ఊరి జనమంతా నాలుక చివరే ఉంటారు. ఎవరి రేషన్ కార్డులో ఎవరి పేరు తప్పిపోయిందో, ఎవరింటి కొళాయిలో గాలి తప్ప నీళ్లు రావో, ఈ వారం ఏ పిల్లకు పురిటినొప్పులు వచ్చేలా ఉన్నాయో ఆమెకు తెలుసు. అంబులెన్సు డ్రైవర్ దారి అడిగేది కూడా ఆమెనే.

మూడో వీధిలో లక్ష్మణన్ ఎదురొచ్చాడు.

"లక్ష్మణన్. కొడుకు తిరుప్పూరుకు పోయినాడు. పని దొరికిందా అని అడుగు" అంది భాగ్యం.

బాలకృష్ణన్ అతని భుజమ్మీద చెయ్యేశాడు. "లక్ష్మణా! తిరుప్పూరులో నీకు కొడుకు దొరికినాడంటనే!"

పక్కనే ఉన్న ఇంట్లోంచి లక్ష్మణన్ పెళ్లాం కనకం చీపురుతో బయటికొచ్చింది. "ఎవర్రా ఆ కొడుకు? ఆ తల్లి ఎవతి? ఇప్పుడే చెప్పాల!"

"అయ్యో, నాకేమీ తెలీదే!" అని లక్ష్మణన్ మేకల పాక వెనక్కి పరుగెత్తాడు.

భాగ్యం మధ్యలో దూరి సర్దిచెప్పేసరికి అరగంట పట్టింది. చివరికి కనకం కూడా నవ్వేసి, భాగ్యం చెయ్యి పట్టుకుంది. "నువ్వు పో అక్కా. మా ఇంట్లో నాలుగు ఓట్లూ నీకే."

"విన్నావా మామా? నాలుగు!" భాగ్యం వేళ్లు మడిచింది.

వల్లియమ్మాళ్ కూడా అదే మాట అంది. కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లూ అదే మాట అన్నారు. ఆ సంబరంలో బాలకృష్ణన్ మురుగుకాలువ గురించి గంటసేపు మాట్లాడాడు. ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు. అందరూ భాగ్యం పెట్టిన మురుకులు తింటున్నారు.

ఓట్ల లెక్కింపు రాజపాళయంలో ఒక కాలేజీలో జరిగింది. గేటు బయట బాలకృష్ణన్ నిలవలేక, కూర్చోలేక తిరుగుతున్నాడు. భాగ్యం కళ్లు మూసుకుని ఊరి దేవతలందరి పేర్లూ వరసగా చెబుతోంది.

లక్ష్మణన్ లోపలి నుంచి పరుగున వచ్చాడు. "అశోక్‌కుమార్ ఓడిపోయినాడు అన్నా! వాడికి ఆరు నూర్లే!"

బాలకృష్ణన్ అతన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. "బంగారమప్పా నువ్వు! ఇంతకీ నువ్వెవరు?"

"తిరుప్పూరు కొడుకు నాయన్ని!" అన్నాడు లక్ష్మణన్ గాల్లోనే.

టపాకాయలు పేలాయి. షేర్ ఆటోలో వచ్చిన పన్నెండుమందీ రోడ్డుమీద చిందులేశారు. ఎవరో తెచ్చిన పూలమాలను బాలకృష్ణన్ తొందరపడి తానే మెడలో వేసుకున్నాడు. ఇక ఐదేళ్లు నెమ్మదిగా అన్నం తినొచ్చని భాగ్యం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతలో మైకు గరగరలాడింది.

"అశోక్‌కుమార్, ఆరు వందల రెండు. బాలకృష్ణన్, రెండు."

టపాకాయలు ఆగిపోయాయి.

తొమ్మిది వందల ముప్ఫై ఓట్లు తెచ్చుకుని గెలిచింది, తన నామినేషన్‌ను ఎక్కడ తోసేస్తారోనన్న భయంతో బాలకృష్ణన్ ఆఖరి రోజున డమ్మీగా నిలబెట్టి, ఎవరు వేస్తార్లే అని పేరు వాపసు తీయించకుండా వదిలేసిన మూడో అభ్యర్థి, భాగ్యం.