వేన్నీళ్ల కుళాయి

ఊరూరా అణుకేంద్రం వెలిశాక ఇంటింటికీ కరెంటుతో పాటు, అక్కడ కాగిన వేన్నీళ్లు కూడా కుళాయిల్లో వస్తున్నాయి. ఆ మత్స్యకారుల పల్లెలో ఇంకా పొయ్యి రాజేసి నీళ్లు కాచుకునేది ఎరకమ్మ ఒక్కతే. కేంద్రం వద్దని ఊరంతా రోడ్డు మీద బైఠాయించిననాడు పోలీసు తూటాకు ఆమె మొగుడు పోయాడు. అందుకే ఆ కేంద్రం నీళ్లు ఏనాడూ ఒంటికి తగలనివ్వలేదు.

చివరికి కొడుకు ఎల్లాజీ ఆ కేంద్రంలోనే పనికి కుదిరాడు. తల్లి కోసం పెరట్లో కుళాయి పెట్టించాడు. “నీ మోకాళ్ల నొప్పులకేనే అమ్మా, ఒక్కపాలి పోసుకోయే,” అని రోజూ బతిమాలేవాడు. ఆమె దానికి గోనెగుడ్డ చుట్టేసింది.

నిన్న సాయంత్రం అన్నం ముందు కూర్చున్న ఎల్లాజీ గుండె ఆగిపోయింది.

తెల్లారాక శవాన్ని పెరట్లో బల్ల మీద పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి నీళ్లు కాచాలి. ముసురుకి సరుగుడు పుల్లలన్నీ నానిపోయాయి. ఎరకమ్మ ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు.

“పొద్దెక్కిపోతంది వదినా. సన్నీల్లే పోసీద్దుమా?” అంది పక్కింటి పోలమ్మ మెల్లగా.

“ఆడికి సన్నీల్లు పడవే. సిన్నప్పుడు సుక్క మీద పడితే గుక్కపట్టి ఏడిసీవోడు.”

ఎరకమ్మ లేచి వెళ్లి, గోనెగుడ్డ విప్పి కుళాయి తిప్పింది. పసివాడికి పోసేటప్పుడు చూసుకున్నట్టే ధార కింద మోచెయ్యి పెట్టింది. సరిగ్గా అంతే వెచ్చగా ఉన్నాయి.

మొదటి చెంబు కొడుకు పాదాల మీద పోస్తూ, “బాగున్నాయిరా నా తండ్రీ, నీ నీల్లు,” అంది.