గ్యోర్ నుంచి వచ్చిన సంచి

"ఒక్క ఉత్తరం తీసి చూడవయ్యా. నీ సొమ్మేం పోయింది?" అంది రేజీ మొగుడితో.

సెవెరిన్ కూర్చున్న టపా సంచి మీద నుంచి కదల్లేదు.

1920 జూన్. హంగరీలో కొత్త ప్రభుత్వం సోషలిస్టులను వెతికి వెతికి చంపుతోంది. దానికి బుద్ధి చెప్పాలని దేశదేశాల కార్మిక సంఘాలు ఒక్క మాట మీద నిలబడ్డాయి. హంగరీకి రైలు పోదు. అక్కడి సరుకు దించరు. ఉత్తరం కూడా ముట్టరు. సరిహద్దులోని బ్రుక్ స్టేషన్‌లో ఆ మాట నిలబెట్టే పని ఆస్ట్రియా రైల్వే సంఘం సెవెరిన్‌కి అప్పగించింది. బహిష్కారం మొదలయ్యే గడువుకు కాస్త ముందు, హంగరీ ఊరు గ్యోర్ నుంచి ఆఖరి గూడ్సు వచ్చింది; సరుకు దించేలోగా గడువు దాటిపోయింది. ఈ సంచి అందులోదే. సెవెరిన్ ఆ వ్యాగన్లన్నిటినీ చివరి పట్టాల మీదికి తోయించి, తలుపుల ముద్రలు పగలకుండా కాపలా పెట్టాడు.

రేజీ చెల్లెలు ఫానీ ఉండేది గ్యోర్‌లోనే. ఫానీ మొగుడు ఫెరెన్స్ జైలు నుంచి తప్పించుకున్నాడని, ఎలాగైనా బ్రుక్ చేరతాడని కబురొచ్చింది. తోడల్లుళ్లిద్దరికీ ప్రాణస్నేహం. అతని కోసం ఇంట్లో పక్క వేసే ఉంచారు.

"ఏ దారిన వస్తాడో ఫానీ రాసే ఉంటుంది" అంది రేజీ మళ్లీ.

"ఇందులో ఊరందరి ఉత్తరాలూ ఉన్నాయే. నాది నేను తీసుకుంటే రేపు షావుకార్లకి ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? ఇదంతా ఫెరెన్స్ లాంటివాళ్ల కోసమే కదే."

రేజీ ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. సెవెరిన్ మాత్రం రోజూ సాయంత్రం సరిహద్దు ఏటి గట్టుకు వెళ్లి, అవతలి రెల్లుపొదల్లో ఫెరెన్స్ కోసం చూసి వచ్చేవాడు.

ఎండలు మండిపోయాయి. వ్యాగన్లలో ఉల్లిపాయలు, పచ్చితోళ్లు, బాతు ఈకల మూటలు. రెండో వారానికి కంపు ఊరంతా కమ్మేసింది. సంఘమంటే ఒళ్లుమంటగా ఉండే స్టేషన్ మాస్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చాడు.

"ఏం కామ్రేడ్ దొరా, నీకు ముక్కు లేదా? తలుపులన్నా తీయించు."

"ఉరికొయ్యల కంపు కన్నా నయమేలెండి" అన్నాడు సెవెరిన్. కూలీలంతా పకపకా నవ్వారు.

ఏడు వారాలకు, ఏమీ సాధించకుండానే, బహిష్కారం ఎత్తేశారు. సెవెరిన్ దగ్గరుండి సంచి విప్పించాడు. ఫానీ ఉత్తరం పైపైనే ఉంది. తన నిజాయితీకి సాక్ష్యంగా చెక్కు చెదరని కవరు అందరికీ చూపించి, చించి, రేజీకి వినపడేలా పైకి చదివాడు.

"అక్కా, బావని తొందరపెట్టు, ఈకల వ్యాగన్‌లో మా ఆయన దగ్గర రెండు రోజులకే నీళ్లున్నాయి, బావ వచ్చి తలుపు మూడుసార్లు తట్టేదాకా ప్రాణం పోయినా కిక్కురుమననని నా మీద ఒట్టేశాడు."