అవతల మీట నొక్కింది ఎవరు?

ఓడలతో మాట్లాడే రేడియో స్టేషన్‌లో ఊడ్చే పని నాది. ఆ రాత్రి ఆపరేటర్, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు, కళ్లు మూతలు పడుతున్నా కుర్చీలోంచి లేవలేదు. అతని బావ పనిచేసే ఓడలోకి నీళ్లు వస్తున్నాయని కబురొచ్చి, తర్వాత మాటే లేదు. చివరికి ఇక్కడ కొట్టింది అక్కడ కాగితం మీద అచ్చయ్యే టెలెక్స్ మెషీన్ ఆ ఓడతో కలిసింది. కాగితం మీద ఓడ పేరు పడింది.

"బతికే ఉన్నారయ్యా!" అన్నాను.

"ఎవరని అడిగితే పేరు ఓడలోని మెషీనే చెబుతుందక్కా. దానికి మనిషి అక్కర్లేదు."

'బావా, ఉన్నావా?' అని కొట్టాడు. చాలాసేపటికి అటు నుంచి 'ఎవరు మీరు?' అని పడింది. మా మెషీన్ తనంతట తనే మా స్టేషన్ పేరు చెప్పింది. మళ్లీ అదే ప్రశ్న.

"ఇది అడగాలంటే మాత్రం మనిషి మీట నొక్కాలక్కా!" ఏడుస్తూనే నవ్వాడు.

అప్పుడే ఫోన్ మోగింది. బావే.

"వేరే ఓడవాళ్లు ఎక్కించుకున్నార్రా. మీ అక్కకి చెప్పు, నా పీడ ఇంకా విరగడ కాలేదని."

"అందరూ వచ్చేశారా బావా? అక్కడ ఎవరైనా మిగిలారా?"

"తలలు లెక్కపెట్టాకే ఓడ వదిలాం. ఎలుక కూడా లేదు. ఏం?"

తమ్ముడు టెలెక్స్ వైపు తిరిగాడు. దాని లైన్ తెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిజంగానే ఎవరైనా మిగిలిపోయి ఉంటే?

'ఎవరు మీరు?' అని మళ్లీ పడింది. మా మెషీన్ ఎవరినీ అడక్కుండానే మా పేరు చెప్పేసింది.