ఫ్యాను గాలి

“కదలకూడదు, మాట్లాడకూడదు. నువ్విప్పుడు పక్షవాతం పేషెంటువి,” అన్నారు ట్రైనింగ్ మేడమ్.

ఇళ్లల్లో రోగుల్ని చూసుకునే పనికి కొత్తగా చేరిన దీవెన, బెజవాడ బెంజ్ సర్కిల్ ఆఫీసులో మంచమెక్కి పడుకుంది. తోటివాళ్లు ఆమెను పక్కకి తిప్పి, దుప్పటి మార్చి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టారు. తర్వాత మేడమ్ చెప్పేది వింటూ ఆమె సంగతే మర్చిపోయారు.

సరిగ్గా మొహం పైనే ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి కళ్లు మండి నీళ్లు కారాయి. తుడుచుకుందామంటే తను పేషెంటాయె.

“అబ్బ, ఏం యాక్టింగ్! చూడండి, ఏడుస్తోంది కూడా,” అని మేడమ్ చప్పట్లు కొట్టారు.

“ఏడుపు కాదండీ, ఫ్యాను గాలి.”

అన్నాక ఆ మాట తనకే వినబడినట్టయింది. దీవెన దిగ్గున లేచి కూర్చుంది.

మైలవరంలో తన భర్త జయపాల్ మంచం కూడా ఫ్యాను కిందే ఉంది. పక్షవాతమొచ్చి మాట పడిపోయిన మనిషి. భార్య పనికోసం బెజవాడ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కళ్లు కారుతూనే ఉన్నాయని అత్తయ్య రోజూ చెబుతోంది. అది విని దీవెన అన్నం సయించక ఎన్ని పూటలు పస్తులుందో.

వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేసింది. నవ్వు ఆగడం లేదు.

“అత్తయ్యా, ఆయన ఏడవట్లేదు! అంతా ఆ ఫ్యాను గాలి వల్లే. ఒక్కసారి ఆపి చూడండి.”

“ఫ్యానెక్కడిదే తల్లీ? పొద్దున్నుంచీ కరెంటే లేదు,” అంది అత్తయ్య. “ఉండు, ఫోను కింద పెడతాను. మళ్లీ కారుతున్నాయి, తుడవాలి.”