మధ్యలో గీత

యానాం మార్కెట్లో చేపలమ్మే సత్తెమ్మ స్టెల్లాను జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టింది.

పక్క గంప దగ్గర్నించి తల్లి మరియమ్మ చేపల కత్తితో లేచింది. "నా కూతుర్ని వదులు. నరికేత్తాను."

"మన పొట్ట కొట్టే యాప్ చేసింది నీ కూతురు. దాన్నే అడుగు."

పెదవి చిట్లి రక్తం కారుతున్నా స్టెల్లా ఫోన్ తీసింది. "బీబీఏ కంప్యూటర్ అప్లికేషన్స్ ప్రాజెక్టమ్మా. చేప పడవ నుంచి నేరుగా ఇంటికెళ్ళిపోద్ది. మధ్యలో దళారీలుండరు. కాలేజీలో నాదే ఫస్టు."

"రేవులో కొని ఇక్కడమ్మేది నేను కదే. నేనెక్కడున్నాను అందులో?" అంది మరియమ్మ.

స్టెల్లా వేలు తెర మీద కదిలింది. ఒక చివర పడవ, ఇంకో చివర ఇల్లు. మధ్యలో గీత మాత్రమే ఉంది.

మరియమ్మ కత్తి దించింది. సత్తెమ్మ జుట్టు వదిలేసింది.

స్టెల్లా లేవలేదు.