బిళ్ల కట్టిన కుక్క

జానయ్య కుక్క మెడలో రేకు బిళ్ల చూసినప్పటి నుంచి గోపమ్మకు కంటి మీద కునుకు లేదు.

పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తోంది. దేవరకొండ దగ్గరి ఆ ఊరికి కోసు దూరంలో పోలీసు క్యాంపు దిగింది. క్యాంపు ఆఫీసరు కొత్త చట్టం పెట్టాడు. కుక్క ఉన్నవాడు క్యాంపుకు పోయి పేరు రాయించుకోవాలి, దాని మెడకు బిళ్ల కట్టాలి. బిళ్ల లేని కుక్క కనబడితే కాల్చేస్తారు. పోలీసుల ముందు నిలబడి పేరు చెప్పే గుండె ఎవరికుంది? ఊళ్లో కుక్కలు, గొర్ల మందల దగ్గరి కుక్కలు అన్నీ వారం తిరక్కుండా చచ్చాయి.

పక్కింటి జానయ్య ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా పోయి బిళ్ల తెచ్చుకున్నాడు. ఏ లాలూచీ లేనివాడికి క్యాంపులో ఏం పని?

గోపమ్మ కొడుకు కురుమయ్య సంఘం దళంలో ఉన్నాడు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం అడవిలోంచి వచ్చి, నాలుగు ముద్దలు తిని పోతాడు. మొన్న అలాగే వచ్చి కంచం ముందు కూర్చున్నాడో లేదో, జానయ్య కుక్క గొంతు చించుకుంది. కురుమయ్య అన్నం వదిలేసి పెరటి గోడ దూకాడు. ఆ వెంటనే పోలీసులు వాకిట్లో ఉన్నారు.

కుక్కను మొరిగించి కబురు పెడుతున్నాడు పాపిష్టివాడు, అనుకుంది గోపమ్మ.

మర్నాడు జానయ్య గోడ మీంచి తొంగిచూశాడు. "వదినె, పిలగాడు మంచిగున్నడా? మళ్ల ఎప్పుడొస్తడు?"

"నాకేం ఎరుక? ఉన్నడో సచ్చిండో," అంది.

జానయ్య దేవరకొండ అంగడికి పోయిన పొద్దున, విషపు ముష్టి గింజలు నూరి జొన్న గట్కలో కలిపి కుక్కకు పెట్టింది. అది తోక ఊపుకుంటూ తిన్నది. పాపమనిపించింది. కానీ కొడుకు కంటే కుక్క ఎక్కువా? చచ్చినదాన్ని ముళ్లకంప వెనక్కి ఈడ్చి పారేసింది.

ఆ మధ్యాహ్నమే కురుమయ్య వచ్చాడు. ఊరు సద్దుమణిగి ఉంది. గోపమ్మకు ప్రాణం కుదుటపడి తలుపు కూడా వేయలేదు.

"ఇయ్యాల నింపాదిగ తిను బిడ్డా. ఫికర్ జెయ్యకు."

కురుమయ్య తుపాకీ గోడకు ఆనించి, మఠం వేసుకుని కూర్చుని ముద్ద కలిపాడు.

"నాకేం ఫికరమ్మా, పోలీసులొస్తాంటే ముందుగాల మొరగనీకి ఊర్ల ఒక్క కుక్కన్న బతికుండాలని, జానయ్య కాకను క్యాంపుకు తోలి ఆ బిళ్ల కట్టిపిచ్చింది మేమే గద."